పూజ మండపం టేకుకి ఫైర్ రిటార్డెంట్: బోరాక్స్ నీళ్ళా, క్లియర్ కోటింగా, ఎఫ్ఆర్ ప్లైవుడ్డా? ఏది మేలు?

మన హైదరాబాద్ ఫ్లాట్లలో పూజ గది అంటే చాలామందికి టేకు మండపమే, దాంట్లో రోజూ నూనె దీపం, కార్తీకమాసం వస్తే ఇక ఒత్తులకి లెక్కే ఉండదు, పైన చెక్క మెల్లగా నల్లబడుతుంటే అప్పుడు ఫైర్ రిటార్డెంట్, అంటే చెక్కకి మంట త్వరగా అంటకుండా పట్టించే మందు, గుర్తొస్తుంది. 2022 జనవరిలో సికింద్రాబాద్ క్లబ్ పాత బిల్డింగ్ ఎట్లా తగలబడిందో చూశాం కదా. కానీ అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో మందు చెప్తారు, మచ్చ పడుతుందా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు, నాకు అదే బాధ, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఒకటి: ఏది రాసినా చెక్క కాలకుండా పోదు. అంటుకోవడం ఆలస్యం అవుతుంది, మంట పాకడం తగ్గుతుంది, మనం బయటపడటానికో ఆర్పడానికో కాస్త టైమ్ దొరుకుతుంది, అంతే.

చవకైంది బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారం, బోరిక్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లేది, రెండూ బేగంబజార్‌లో దొరుకుతాయి. రెండూ ఎందుకంటే వెలిగారం మంట పాకకుండా చూస్తుంది కానీ లోపల నిప్పు రాజుకోవడాన్ని ఆపలేదు, ఆ పని బోరిక్ చేస్తుంది, పైగా కలిపితేనే నీళ్ళలో బాగా కరుగుతాయి. ఇప్పుడు మచ్చల సంగతి. ఈ నీళ్ళు చల్లారితే, ఎక్కువ పట్టిస్తే, ఆరాక తెల్లటి పొడి పైకి తేలుతుంది, టేకు మీద అది బూజు పట్టినట్టు కనిపిస్తుంది. ఇంకా పెద్ద సమస్య ఇనుము. టేకులో టానిన్ ఉంటుంది, దానికి తడీ ఇనుమూ తగిలితే నల్ల మచ్చే, కాబట్టి బోరుబావి నీళ్ళు, ఇనప బకెట్, స్టీల్ వూల్ మూడూ దగ్గరకి రానివ్వొద్దు, ప్లాస్టిక్ బకెట్, ఆర్వో నీళ్ళు, ఇత్తడి స్క్రూలు వాడండి. మచ్చ పడిపోతే ఆక్సాలిక్ యాసిడ్ పలచగా కలిపి రాస్తే చాలావరకు పోతుంది, కానీ అది విషం, గ్లవ్స్ వేసుకుని రాసి తర్వాత బాగా కడిగించాలి. బోరిక్ కూడా పిల్లలకి అందకూడదు.

వీటన్నిటికంటే అసలు లోపం వేరే. బ్రష్‌తో రాస్తే మందు పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. పాలిష్ ఉన్న చెక్క అయితే అసలు పీల్చదు. అభిషేకం నీళ్ళు పడ్డా, తడి గుడ్డతో తుడిచినా కరిగి పోతుంది. అందుకే కనిపించని వెనక వైపుకి, గోడ వైపు పచ్చి చెక్కకి అయితే సరే, ముందు భాగానికి నేను వద్దంటాను.

ఎరువు డీఏపీ నీళ్ళలో కలిపి కొట్టమనేవాళ్ళు కూడా ఉన్నారు. దాంట్లో ఉండే ఫాస్ఫేట్ నిజంగానే మంటని తగ్గిస్తుంది, కానీ ఎరువు గుళికలకి రంగుంటుంది, దాన్నుంచి వచ్చే అమ్మోనియా టానిన్ ఉన్న చెక్కని ముదురు చేస్తుంది, వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది, మేకులు తుప్పు పడతాయి. టేకుకి వద్దే వద్దు.

క్లియర్ ఇంట్యుమెసెంట్ కోటింగ్ అంటే చూడ్డానికి వార్నిష్ లాంటిదే, వేడి తగిలితే ఉబ్బి నురగ పొరలా మారి చెక్కకి అడ్డుపడుతుంది. టేకు రంగు, రేఖలు కనిపిస్తాయి. కానీ ఖరీదు ఎక్కువ, పాత మెలమైన్ పాలిష్ మీదే కొట్టేస్తే లాభం లేదు, కంపెనీ వేరేగా చెప్తే తప్ప పచ్చి చెక్క దాకా సాండింగ్ చేయించాల్సిందే. పెయింటర్లు పాలిష్ అలవాటులో థిన్నర్ కలిపి పలచగా లాగేస్తారు, అట్లయితే పేరుకే ఫైర్ కోటింగ్, డేటాషీట్‌లో చెప్పిన మందం రావాలి, పైన టాప్‌కోట్ కూడా అదే కంపెనీది అడగండి. ముసురు పట్టిన రోజుల్లో కొడితే పాలలా తెల్లబడే ప్రమాదం ఉంది, ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోవడం మంచిది. ఇంకోటి, దీపం సెగ నేరుగా తగిలే చోట ఈ పొర ఉబ్బి పాడవుతుంది, ఉబ్బడమే దాని పని మరి, అక్కడ చెక్కకి కాస్త ఎడంగా ఇత్తడి రేకు బిగించాలి.

కొత్తగా చేయిస్తుంటే ఇంత తంటా అక్కర్లేదు, ఎఫ్ఆర్ ప్లైవుడ్, అంటే ఫైర్ రిటార్డెంట్ ప్లైవుడ్, తీసుకుని పైన టేకు వెనీర్, అంటే పలచటి టేకు పొర, వేయించండి. ఫ్యాక్టరీలోనే మందు పట్టించి ఇస్తారు, మన బ్రష్ పనికి దానితో పోలికే లేదు. రాణిగంజ్‌లో కొనేటప్పుడు స్టాంపు మీద ఐఎస్ 5509 ఉందా చూడండి, 710 అంటే మెరైన్, 303 అంటే మామూలుది, అవి వేరు. వెనీర్‌కి మందు ఉండదు కాబట్టి దీపం దగ్గర క్లియర్ కోటింగ్ ఎట్లాగూ కావాలి.

నా ఓటు అయితే, ఉన్న టేకు మండపానికి ముందు వైపు క్లియర్ కోటింగ్, వెనక వైపు బోరాక్స్ నీళ్ళు, అది కూడా ముందు వైపుకి కారకుండా గుడ్డతో అద్ది. ఏది చేసినా అదే టేకు ముక్క ఒకటి అడిగి పెట్టుకుని, దాని మీద రాసి పూర్తిగా ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూశాకే మండపం మీద చెయ్యి వేయనివ్వండి.