గరివిడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి: కోడిపెట్టనైనా సరే, తీసుకెళ్లండి

ఆవులకీ గేదెలకీ గరివిడి ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను తీసుకెళ్లింది కోడిపెట్టని, అందుకే రాస్తున్నాను.

మాది చీపురుపల్లి. మా గౌరి నాటుపెట్ట. మా అమ్మాయి టెన్త్‌లో ఉన్నప్పుడు సంతలో కొన్న పిల్ల అది, ఇప్పుడా అమ్మాయి అత్తారింట్లో ఉంది. గుడ్లు మానేసినా దాన్ని కొయ్యాలని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. ఈమధ్య దాని పొట్ట కిందికి జారి, ముట్టుకుంటే నీళ్ల ప్యాకెట్‌లా తగిలేది. కాళ్లు ఎడంగా వేసి నిటారుగా నడిచేది. ఒక మందుల షాపులో కోడిని చూడకుండానే మాత్రలు చేతిలో పెట్టారు. ఇంకోచోట "ఏటమ్మా, కోడికి డాక్టరేటి, కూరొండుకోక" అని నవ్వారు.

గరివిడిలో ఎవరూ నవ్వలేదు. కాలేజీ ఆసుపత్రి కదా, స్టూడెంట్లు చుట్టూ మూగారు. డాక్టర్ మేడమ్ మాత్రం ఒకమ్మాయికే పట్టుకోమని ఇచ్చి, "ఛాతీ నొక్కకు" అన్నారు. రొమ్ము ఎముక కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుందట. గట్టిగా అదిమి పట్టుకున్నా, పొట్టలో నీరున్నప్పుడు వెల్లకిలా తిప్పినా ప్రాణానికే ముప్పు. సిరంజితో తీస్తే పసుప్పచ్చటి చిక్కటి నీరు, అందులో సొన తునకలు. గుడ్డు సొన దారి తప్పి కడుపులో పడి కుళ్లిందన్నారు. యాంటీబయాటిక్, నొప్పి తగ్గడానికి మందు ఇచ్చారు. నీరు మళ్లీ చేరితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా అప్పుడే చెప్పేశారు.

మరి బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఎప్పుడు ఇప్పించాలి అని అడిగాను. ఆవిడ తేదీ చెప్పలేదు, "మీ ఇష్టం" అని వదిలెయ్యనూ లేదు. నూకలు చల్లితే మిగతా కోళ్లతో పాటు వస్తోందా? నీళ్లు తాగుతోందా? పొద్దున గంప ఎత్తగానే బయటికొస్తోందా, అక్కడే కళ్లు మూసుకుని కూర్చుంటోందా? ముక్కు తెరిచి ఊపిరి తీస్తోందా? ఇవి చూసుకోమన్నారు. ఇవి బాగాలేని రోజున క్యాలెండర్‌లో సున్నా చుట్టమన్నారు. పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే చుట్టాను. కోడి తన జబ్బుని దాచుకుంటుంది, నీరసం బయటపడితే తోటి కోళ్లే పొడుస్తాయి కాబట్టి. మూల కూర్చుందంటే అప్పటికే బాగా ముదిరిందని అర్థమట. సున్నాలు వరసగా పడుతుంటే ఇంకో మందు అడక్కుండా తీసుకొచ్చెయ్యమన్నారు.

నీరు మళ్లీ చేరింది, సున్నాలూ పడ్డాయి. మా అత్తమ్మ "దాని చావు అది చస్తాది, ఆ పాపం మనకెందుకు" అంది. మా మరిది మెడ తిప్పేస్తానన్నాడు. అలవాటు లేనివాళ్లు చేస్తే ప్రాణం పోదు, నరకం చూస్తుంది. వద్దన్నాను. గౌరి నూకల వైపు కూడా చూడని రోజున ఆటో ఎక్కాను. ముందు మత్తు ఇచ్చారు, తర్వాత రెక్క నరంలో ఇంజెక్షన్. కొట్టుకోలేదు, అరవలేదు. పట్టుకుంటారా అని అడిగారు, పట్టుకున్నాను.

ఒక్క మాట గట్టిగా చెప్పి పంపారు. ఆ మందు మాంసంలో ఉండిపోతుంది, కూర వండకూడదు, కుక్కలకీ వెయ్యకూడదు. అవి తవ్వలేనంత లోతు గొయ్యి తియ్యాలి. పెరట్లో గునపం దిగక మా ఆయన చాలా అవస్థ పడ్డాడు. పాపం అన్న అత్తమ్మే పసుపు నీళ్లు చల్లింది.

ఇంట్లో ఒక కోడికి జబ్బయితే తీసుకెళ్లండి. నాలుగైదు ఒకేసారి పడిపోయి, మెడలు తిరిగి, పచ్చటి రెట్ట వేస్తుంటే మాత్రం అది కొక్కెర తెగులు కావచ్చు. వాటిని ఆటోల్లో తిప్పి ఊరంతా అంటించొద్దు, మీ ఊరి పశువుల డాక్టరుకి చెప్పండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. జబ్బు కోడిని కాళ్లు కట్టి తలకిందులుగా మోసుకెళ్లకండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గోనె పరిచి, ఎండెక్కక ముందే బయల్దేరండి.