రిచీ స్ట్రీట్ సబ్‌వూఫర్, మా ఇంట్లో రెండు బిగింపులు

చెన్నైలో ఆడియో సామాను కావలసినవారు ముందుగా అడుగుపెట్టేది మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లోనే కాబట్టి, నేనూ అక్కడి ఒక దుకాణంలోనే లోతైన బేస్ ధ్వనుల కోసం వాడే పది అంగుళాల సబ్‌వూఫర్ పెట్టె కొన్నాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. వారు పంపిన ఇద్దరు టెక్నీషియన్లలో ఒకరు పని చెడగొట్టగా మరొకరు చక్కదిద్దారు కనుక, ఇద్దరినీ ఒకే పేరు కింద తూచడం నాకు సబబుగా తోచలేదు. అమ్మకం విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు. పూర్తిగా మూసి ఉన్న సీల్డ్ రకాన్నీ, గాలి గొట్టం ఉన్న పోర్టెడ్ రకాన్నీ పక్కపక్కన పెట్టి, నేను తెచ్చుకున్న పాటలతోనే వినిపించారు.

మా హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11. అందులో ఐదు అంగుళాల కోన్లున్న చిన్న స్పీకర్లు, సబ్‌వూఫర్‌కు ప్రత్యేకమైన అవుట్‌పుట్ లేని పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉన్నాయి. నేను ఎక్కువగా వినేవి కచేరీ రికార్డింగులు. మృదంగం కుడి మూత స్పష్టంగానే పలికేది కాని, రవ్వ ముద్ద అద్దిన ఎడమ మూత, అంటే తొప్పి మీద అరచేయి జారుస్తూ పలికించే గుంకీ నాదం సగంలోనే తెగిపోయినట్టు ఉండేది. ఆ లోటు తీరితే చాలనుకున్నాను. కిటికీలు అదరాలన్న సరదా నాకు లేదు.

మొదట వచ్చిన యువకుడు ఇరవై నిమిషాల్లో పని ముగించాడు. పెట్టెను టీవీ పక్క మూలలోకి తోసి, యాంప్లిఫయర్ వెనుక ఖాళీగా కనిపించిన, టేప్ రికార్డర్ కోసం ఉండే టేప్ అవుట్‌కు తీగ కలిపి, "మూలలో అయితే బేస్ బాగా వస్తుంది సార్" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అయితే 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ ప్రాంతపు ధ్వని ముందు, వెనుక గోడల నడుమ నిలబడి ఉబ్బుతుంది. మూలనున్న పెట్టె దానిని మరింత ఎగదోస్తుంది. పైగా మా సోఫా వెనుక గోడకే ఆనుకుని ఉంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ స్వరం దాదాపు 41 హెర్ట్జ్ కావడంతో, సినిమా పాటల్లో ఆ ఒక్క స్వరం గుమ్మని మోగి, పక్క స్వరాలు జాడ లేకుండా పోయేవి. టేప్ అవుట్ సంగతి ఇంకా ఘోరం. వాల్యూమ్ మీటను ఎంత తిప్పినా ఆ అవుట్‌పుట్ స్థాయి మారదు కనుక, రాత్రివేళ పాట తగ్గించినా సబ్‌వూఫర్ తన పాటికి తాను మోగుతూనే ఉండేది. పాట ఆపేశాక కూడా సన్నగా గుయ్‌మనే ఒక హమ్ మిగిలేది. ఫోన్ చేస్తే, త్రీపిన్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను తీసేయమన్నాడు. లోపల ఏదైనా లోపం వచ్చిననాడు మనిషిని షాక్ నుంచి కాపాడేది ఆ పిన్నే. అలాంటి సలహా ఇచ్చేవారిని ఇళ్లకు పంపడం క్షమించరాని నిర్లక్ష్యం.

రెండోసారి రావడానికి 800 రూపాయలు అడిగి, నేను వాదించాక వదులుకున్నారు. వచ్చినవారు నెల్లూరు యాసలో మాట్లాడే పెద్దాయన. ముందు యాంప్లిఫయర్ మోడల్ చూసి, అది రెండు స్పీకర్ తీగల్లోనూ సిగ్నల్ నడిచే బ్రిడ్జ్ రకం కాదని రూఢి చేసుకున్నాకే, దాని స్పీకర్ టెర్మినల్స్ నుంచి సబ్‌వూఫర్ హై లెవెల్ ఇన్‌పుట్‌కు తీగలు లాగారు. అప్పటినుంచి స్పీకర్లూ, సబ్‌వూఫరూ ఒకే మీటకు లొంగాయి. యాంప్లిఫయర్‌నూ, సబ్‌వూఫర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చడంతో హమ్ కూడా పోయింది. తరువాత ఆయన పెట్టెను నేను కూర్చునే చోట సోఫా మీదికి ఎక్కించి, బేస్ గిటార్ పైకీ కిందికీ నడిచే పాట ఒకటి పెట్టి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నారనుకుంది. పెట్టె, శ్రోత స్థానాలు తారుమారు చేసుకున్నా గది ప్రభావం మారదు. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే పెట్టెకు తగిన చోటు. మా ఇంట్లో అది ఎడమ గోడ పక్కన, టీవీ గోడకు నాలుగు అడుగుల దూరంలో దొరికింది. సోఫాను కూడా రెండు అడుగులు ముందుకు జరిపించారు.

పెట్టె ఎంత ఎత్తు స్వరం వరకు పలకాలో నిర్ణయించే క్రాసోవర్‌ను 120 నుంచి 65 హెర్ట్జ్ దగ్గరకు దించారు, ఎందుకంటే అంతకు పైన మగ గొంతులు కూడా పెట్టెలోంచి వచ్చి దాని ఉనికిని పట్టిస్తాయి. పెట్టె ధ్వనిని స్పీకర్ల ధ్వనితో పొసగేలా చేసే ఫేజ్ స్విచ్ 0, 180 డిగ్రీలలో దేనివద్ద బేస్ నిండుగా ఉందో సోఫాలోంచి నన్నే చెప్పమన్నారు, 180 నిలిచింది. లెవెల్ మీటను చివరగా, పెట్టె ఆన్‌లో ఉన్నట్టు తెలియనంత వరకు తగ్గించారు. గంటన్నర పట్టింది. ఇప్పుడు గుంకీ చివరిదాకా సాగుతోంది, తొప్పి మీద అరచేయి జారడం తెలుస్తోంది.

సామాను కోసం ఆ దుకాణాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. బిగింపుకు మాత్రం ఎవరు వస్తారో డబ్బు కట్టకముందే అడగండి, టేప్ అవుట్ వైపు చేయి పోతే అక్కడే ఆపండి. మా షోకేసు అద్దం కొన్ని పాటలకు ఇంకా గలగలమంటోంది. అందుకు రబ్బరు బిళ్లలు కొనవలసి ఉంది.