జైసల్మేర్ దాకా కారులో పోయేవాళ్లకు గాలి పంపు: ఏ రకం కొనాలి, ఎట్లా వాడాలి

వరంగల్ నుంచి జైసల్మేర్‌కు సొంత కారులో బయల్దేరేవాళ్లు స్టెప్నీ, జాకీ చూసుకుంటారు గానీ గాలి పంపును పట్టించుకోరు. ఎడారి తోవలో ఎక్కువ అక్కరకొచ్చేది అదే. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే డిజిటల్ రకం, రెండు వేలకు అటూ ఇటూగా దొరికేది, ఈ ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది.

హన్మకొండలో మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 33 పీఎస్‌ఐ గాలి కొట్టించారనుకోండి. డిసెంబరులో జైసల్మేర్‌లో తెల్లారేసరికి చలి 8 డిగ్రీలకు దిగితే అదే టైరు 29 చూపిస్తుంది. ఐదారు డిగ్రీల వేడి తగ్గితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది మరి. కొన్ని కార్లలో టైరు గాలి తగ్గిందని చెప్పే లైటు కూడా వెలుగుతుంది. వెంటనే పంక్చర్ షాపు వెతకొద్దు. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే అది చలి పని. ఒక్కటే తగ్గితే ముల్లు కోసం చూడండి, అక్కడా తుమ్మలకు కొదవ లేదు. గాలి ఎప్పుడూ బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

రెండో అవసరం ఇసుకలో. జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక దిబ్బల దాకా తారు రోడ్డే. అక్కడి కొన్ని టూరిస్టు క్యాంపుల ముందు మాత్రం వదులు ఇసుక ఉంటుంది. అక్కడ 20 పీఎస్‌ఐకి దించితే టైరు వెడల్పుగా పరుచుకొని దిగబడదు. నెమ్మదిగానే పోవాలి. మామూలు కారును దిబ్బల మీదికి మాత్రం ఎక్కించొద్దు. తారు రోడ్డెక్కేముందు మళ్లీ 33 నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కగోడ పదేపదే మడతపడి, వేడెక్కి పగులుతుంది.

డబ్బా మీద నిమిషానికి 35 లీటర్లని రాసి ఉన్నా అది టైరుకు తగిలించకముందు లెక్క. లోపలి ఒత్తిడికి ఎదురు కొట్టేటప్పుడు 20 లీటర్లు వస్తే గొప్ప. చిన్న కారు టైరులో సుమారు 30 లీటర్ల చోటుంటుంది. 20 పీఎస్‌ఐ నుంచి 33కు ఎక్కించాలంటే మరో 27 లీటర్ల గాలి పట్టాలి, అంటే టైరుకు నిమిషంన్నర. రెండు టైర్లయ్యాక ఐదు నిమిషాలు ఆపండి, లేకుంటే మోటారు వేడెక్కుతుంది. పైపు చివరి ఇత్తడి మర కూడా కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.

కొనేముందు వైరు, పైపు కలిపి వెనక చక్రం దాకా అందుతాయో లేదో షాపు ముందే చూసుకోవాలి. చాలా పంపులకు ఇక్కడే పొడవు చాలదు. వాల్వుకు మర తిప్పి బిగించే రకమే మేలు. విప్పేటప్పుడు కొంచెం గాలి పోతుంది కాబట్టి 34 దగ్గర ఆపండి. పంపును ఇసుకలో పెట్టొద్దు, దుమ్ము పీల్చి పిస్టన్ అరుగుతుంది. గోనెసంచి పరిచి పెట్టండి.

బ్యాటరీతో నడిచే చిన్న పంపులు చేతికి తేలికే, ఊళ్లో తిరగడానికి బాగుంటాయి. కానీ రామగుండం ఎండలాంటి ఎండలో మూసిన కారులో లిథియం బ్యాటరీని వదలడం మంచిది కాదు. ఛార్జింగ్ అయిపోతే పోఖ్రాన్ దాటాక అక్కరకు రాదు.

పంపు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంజను నడుస్తుండగానే వాడండి. సాకెట్ ఫ్యూజు ఎంతదో మాన్యువల్‌లో చూసి, అదే సైజువి రెండు డ్యాష్‌బోర్డులో ఉంచుకోండి.