చెరువు నీళ్లా, బోరు నీళ్లా: కయ్యకు ఏది మేలు?

నేల బాగోగులు ఒక్కటే చూస్తే నా ఓటు చెరువుకే. తూము నుంచి వచ్చేది నిన్నమొన్నటి వాన నీరు, అందులో ఉప్పు తక్కువ. మన చిత్తూరు వైపు బోరు నీళ్లు వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకుని పైకొస్తాయి. అలాగని ప్రతి బోరూ ఉప్పు బోరే అనలేం. ఒకే రైతు పొలంలో రెండు బోర్లు రెండు రకాలుగా ఉండొచ్చు. పట్టణం మురుగు కలిసే చెరువును కూడా నేను మంచి నీళ్ల లెక్కలో వేయను.

తేడా ఎంతో లెక్క చూడండి. నీటిలోని లవణాలను ఈసీ (నీళ్ల గుండా కరెంటు ఎంత పారుతుందన్న లెక్క, డెసీసీమెన్స్/మీటరుల్లో) అనే కొలతలో చెప్తారు. ఈసీ 1 ఉంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు. ఎకరాకు ఒక్క అంగుళం మందాన నీళ్లు కడితే దాదాపు లక్ష లీటర్లు పడతాయి. ఈసీ 0.4 ఉన్న నీళ్లయితే ఆ ఒక్క తడితో 26 కిలోల లవణాలు కయ్యలోకి చేరతాయి. ఈసీ 2 ఉన్న బోరయితే 130 కిలోలు! నీళ్లు కొన్ని మొక్క తాగుతుంది, కొన్ని ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. నీటి ఈసీ 0.7 దాటితే జాగ్రత్త పడాలి, 3 దాటితే చాలా పంటలకు కష్టం. చిక్కుడు జాతి పంటలు ముందు దెబ్బతింటాయి, టమోటా కాస్త ఓర్చుకుంటుంది, వేరుశనగ ఇంకాస్త. మామిడికి ఓపిక తక్కువ, ఆకు కొసలు మాడిపోతాయి.

అయితే నాకు ఉప్పు కంటే ఎక్కువ భయం బైకార్బనేట్లున్న (సోడా జాతి లవణాలున్న) బోరు నీళ్లంటే. నోట్లో పోసుకుంటే చప్పగానే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డ్రిప్ రంధ్రం చుట్టూ పేరుకున్న తెల్లటి పెచ్చు గీకి, దాని మీద ఓ చుక్క నిమ్మరసం వేయండి. బుసబుసా పొంగితే అది సున్నం. నీళ్లలోని కాల్షియం అలా సున్నమై విడిపోతే, మిగిలిన సోడియం మట్టిని పట్టుకుంటుంది. అప్పుడు నేల తడిస్తే జిగురు, ఎండితే రాయి. వాన నీళ్లు ఇంకక కయ్యలో బురదగా నిలుస్తాయి. అదే కారు చౌడు. నీటి పరీక్ష రిపోర్టులో, కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలిన కార్బనేట్లు, బైకార్బనేట్ల లెక్కైన ఆర్‌ఎస్‌సీ 1.25 లోపు ఉంటే ఫరవాలేదు, 2.5 దాటితే ఆ నీళ్లు పనికిరావు.

పైన తెల్లగా పూసే పాల చౌడుకు మందు మంచి నీళ్లే. నిండుగా కట్టి ఉప్పును వేళ్ల కిందికి దించాలి, మురుగు కాలువ ఉండాలి. కాల్షియం ఇచ్చే జిప్సం పొడి కారు చౌడుకు పనిచేస్తుంది. పాల చౌడుకు జిప్సం చల్లడం డబ్బు దండగ.

చెరువూ బోరూ రెండూ ఉన్నవాళ్లు రెంటినీ కలిపి కట్టాలా, మార్చి మార్చి కట్టాలా? మార్చి కట్టడమే మేలంటాను. విత్తనం మొలిచేటప్పుడు, నారు నాటుకునేటప్పుడు మొక్క ఉప్పుకు ఓర్వలేదు. చెరువు నీళ్లు ఆ రోజులకు దాచుకుని, వేళ్లు దిగాక బోరు తడులు ఇవ్వండి.

ఉన్నది ఉప్పు బోరొక్కటే అయితే కాలువ పారకం కంటే డ్రిప్ మంచిది. వేరు దగ్గర తడి ఆరదు, ఉప్పు తడి అంచుకు జరుగుతుంది. చిక్కల్లా తొలి చినుకులతోనే. చిన్న వాన ఆ అంచు ఉప్పును తిరిగి వేళ్ల మీదికి తోస్తుంది. కాబట్టి వాన మొదలైందని మోటరు ఆపొద్దు, కాసేపు డ్రిప్ నడవనివ్వండి. అక్టోబరు, నవంబరుల్లో గట్టి వానలు పడితే కడిగే పని అవే చూసుకుంటాయి.

జిప్సం కొనే ముందే నీళ్లు పరీక్ష చేయించండి. మోటరు అరగంట నడిచాక శుభ్రమైన బాటిల్‌లో లీటరు పట్టండి. రిపోర్టు అర్థం కాకపోతే తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగొచ్చు.