తరంగంబాడి: కోటకి నూరు మార్కులు, మా లాడ్జికి సున్నా

తంజావూరు రాజు రఘునాథ నాయకుడు 1620లో తమిళనాడు తీరంలోని తరంగంబాడినీ చుట్టుపక్కల నేలనీ డెన్మార్క్ వాళ్ళకి ఏడాదికి 3,111 రూపాయల అద్దెకి ఇచ్చాడు. అదే ఊళ్ళో మేం ఒక్క గదికి, ఒక్క రాత్రికి 3,400 కట్టాం. నాలుగు వందల ఏళ్ళలో రూపాయి విలువ పడిపోయిందని నాకూ తెలుసు. ఆ గది చూసినవాళ్ళెవరూ ఆ లెక్క నాకు చెప్పరు.

"సీ వ్యూ హెరిటేజ్ రూమ్ సార్" అని ఫోన్లో తియ్యగా చెప్పారు. సముద్రం కనిపించాలంటే బాత్రూంలో బకెట్ బోర్లించి దానిమీదెక్కి వెంటిలేటర్లోంచి చూడాలి. ఏసీ వెయ్యమంటే వోల్టేజ్ తక్కువ, పదకొండు దాటాక వేసుకోండన్నారు. పదకొండు దాటాక అసలు కరెంటే లేదు. జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు. తెల్లవార్లూ దోమలతోనే సరిపోయింది. పొద్దున బిల్లులో "ఏసీ చార్జీ 500" అని చూసి మా బావ మాట్లాడటం మానేశాడు. అక్క మాత్రం, ఎదుటివాళ్ళకి తెలుగు వచ్చా రాదా అని చూడకుండా, దులిపేసింది. 500 కొట్టేశారు. మిగతాదంతా కట్టాల్సిందే.

చెన్నై నుంచి మయిలాడుతురై దాకా రైలు, అక్కణ్ణుంచి కారు 1,100. ఏ ఇబ్బందీ లేదు.

ఇక డెన్మార్క్ వాళ్ళు (డేన్లు) కట్టిన డేన్స్‌బోర్గ్ కోట. గోల్కొండ చూసిన కళ్ళకి చిన్నదే. కింద గోదాములు, వంటగది, ఖైదీల గదులు, పైన గవర్నర్ నివాసం, ప్రార్థన గది. ఒకప్పుడు చుట్టూ కందకం, ఎత్తి దించే వంతెన ఉండేవి, ఇప్పుడు లేవు. ఊరికే చుట్టి వస్తే అరగంట పని. అందుకే కథ చదువుకుని వెళ్ళండి, లేకపోతే ఫొటోలు దిగి వచ్చేస్తారు.

డేన్లు వచ్చింది మిరియాల కోసం. ఓవె యెడ్డె అనే నౌకాధిపతి నాయకరాజుతో ఒప్పందం కుదుర్చుకుని కోట మొదలుపెట్టాడు. నాకు బాగా నచ్చిన కథ మాత్రం ఆ తర్వాతది. 1643 తర్వాత దాదాపు 26 ఏళ్ళు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడా రాలేదు. అక్కడ యుద్ధాలు, వాళ్ళ ఈస్టిండియా కంపెనీ దివాలా. ఇక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. 1655 వచ్చేసరికి ఎస్కిల్ కాంగ్స్‌బాకె అనే ఒక్క డేన్ మిగిలాడు. చదువు రాని మామూలు మనిషి. బంగాళాఖాతంలో వెళ్ళే ఓడల్ని కొల్లగొట్టి, ఆ సొమ్ముతో ఊరి చుట్టూ గోడ కట్టించి, తంజావూరు సేనలు మీదికొస్తే కాచుకున్నాడు. 1669లో ఎట్టకేలకు ఓడ వస్తే, కోట ఇంకా డెన్మార్క్ చేతిలోనే ఉంది!

బురుజు మీద ఇదంతా చెబుతుంటే, పొద్దుట్నుంచీ నోరు విప్పని మా బావ (ట్రెజరీలో చేసి రిటైరయ్యాడు) ఒక్కసారి నా వైపు తిరిగి, "ఏమోయ్ బావమరిదీ, మరి ఆ 26 ఏళ్ళ జీతం బకాయిలు ఆయనకి ఇచ్చారా?" అన్నాడు. అక్కణ్ణుంచి యాత్ర గాడిలో పడింది.

1845లో డేన్లు ఈ ఊరిని, బెంగాల్లో తమదే అయిన సెరాంపూర్‌తో కలిపి 12.5 లక్షల రూపాయలకి ఇంగ్లీషు వాళ్ళకి అమ్మేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1978లో పురావస్తు శాఖ తీసుకునేదాకా ఈ కోట ప్రభుత్వ ఇన్‌స్పెక్షన్ బంగళా. అంటే ఆఫీసర్లు ఎదురుగా సముద్రాన్ని పెట్టుకుని ఇందులో హాయిగా పడుకునేవారన్నమాట. ఇది తెలిశాక మా లాడ్జి మీద కోపం రెట్టింపైంది.

కోట దగ్గర్లోనే ఒడ్డున మాసిలామణి నాథర్ గుడి, 1306 నాటి పాండ్యుల కట్టడం. ముందు భాగం సముద్రం తినేసింది. అక్క అక్కణ్ణుంచి ఒక పట్టాన కదల్లేదు. చర్చీల వీధిలో మనవాళ్ళు తలుచుకోవాల్సిన పేరు బెంజమిన్ షుల్ట్జ్. 1719లో ఇక్కడికొచ్చిన జర్మన్ మిషనరీ. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పేవి 1740లలో జర్మనీలోని హాలేలో ఆయన వేయించినవే.

బస మాత్రం కారైకాల్లో చూసుకోండి, దగ్గరే. రెండో రాత్రి మాకు 1,600కి శుభ్రమైన ఏసీ గది దొరికింది. తరంగంబాడిలో తినడానికైతే బస్టాండు వైపు ఇంట్లోనే నడిపే చిన్న మెస్ ఒకటుంది, బోర్డు కూడా లేదు. భోజనం 120, వంజరం వేపుడు 180. చేపంటే మొహం తిప్పుకునే మా మేనకోడలు రెండో ముక్క అడిగింది. బావ రసం మూడుసార్లు పోయించుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాటితే వేపుడు అయిపోతుంది, చర్చీలు భోజనం అయ్యాక చూసుకోవచ్చు.