లోకాయుక్తకు మోరీ గురించి కాదు, ఫైలు గురించి రాయండి

సేవ: తెలంగాణ లోకాయుక్త (ప్రభుత్వ ఆఫీసులు, అధికారుల తప్పుల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ), హైదరాబాద్. నా పని: మా గల్లీ మోరీ. మార్కులు: ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్క మార్కు చట్టానికి, ఆఫీసుకు కాదు.

మాది నల్గొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను. రేపు నల్లా కనెక్షన్ కోసం మళ్లీ ఆ ఆఫీసుకే పోవాలి, పైగా అక్కడ మంచోళ్లూ ఉన్నారు. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాను. డ్యూటీ దిగేటప్పుడు టిక్కెట్లకూ పైసలకూ లెక్క కుదరకపోతే ఇంటికి పోనివ్వని ఉద్యోగం అది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మా గల్లీ మోరీని కల్వర్టు దాకా కట్టకుండా మధ్యలో ఆపేశారు. వాన పడితే ఆ నీళ్లన్నీ గల్లీలోనే. మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్లకు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే ఫోటో కూడా ఉంది. శుభ్రంగా మెరిసిపోతున్న మోరీ, పక్కన నీలం రంగు గేటు, గేటు ముందు తులసికోట. మా గల్లీలో నీలం గేటే లేదు. వార్డ్ ఆఫీసర్‌ని అడిగితే, "ఫోటో అప్‌లోడ్ అయింది కదా అంకుల్, సిస్టంలో క్లోజ్ అయినట్టే" అన్నాడు. పిల్లవాడు మర్యాదగానే చెప్పాడు. మోరీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయాను. అక్కడ క్యూలో నిలబడితే జిల్లా అంతా కనిపిస్తుంది. దేవరకొండ వైపు నుంచి పాస్‌బుక్ గొడవలతో వచ్చినవాళ్లు, పింఛన్ ఆగిపోయిన ముసలమ్మలు, సదరం సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు. రెండు శాఖల మధ్య ఇరుక్కున్న పనికి ప్రజావాణి మంచిదే. కాకపోతే దాని పద్ధతే అర్జీని సంబంధిత శాఖకు పంపడం. మున్సిపాలిటీ మీద ఇచ్చిన అర్జీ మున్సిపాలిటీకే చేరుతుంది. అయినా పోవద్దని అనను. అక్కడ ఇచ్చే రసీదు తర్వాత బంగారంలా పనికొచ్చింది.

అసలు తాళంచెవి సమాచార హక్కు. పది రూపాయల ఫీజుతో మున్సిపాలిటీలో దరఖాస్తు ఇచ్చాను. 'మోరీ ఎప్పుడు కడతారు' అని అడగలేదు. అలా అడిగితే 'నిధుల లభ్యతను బట్టి' అని జవాబొస్తుంది, అంతటితో కథ అయిపోతుంది. నా ఫిర్యాదు మీద ఎవరు ఏం రాశారో ఆ నోట్ నకలు, మా గల్లీలో జరిగిన పనుల ఎం.బుక్ పేజీలు అడిగాను. ఎం.బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, బిల్లు దాన్నిబట్టే అవుతుంది. 30 రోజుల గడువులోపే నకళ్లు వచ్చాయి. మా గల్లీలో పూడిక తీసినట్టు పొడవు, వెడల్పు, లోతు అన్నీ చక్కగా రాసి ఉన్నాయి. తేదీ చూసి మా ఆవిడ నవ్వింది. సద్దుల బతుకమ్మ రోజు! ఆ రోజు గల్లీ ఆడవాళ్లంతా అదే మోరీ పక్కన బతుకమ్మలు పెట్టి ఆడారు, సెల్‌ఫోన్లలో ఫోటోలు కూడా ఉన్నాయి. పార కాదు గదా, పార నీడ కూడా ఎవరికీ కనబడలేదు.

అప్పుడు లోకాయుక్తకు రాశాను. ఈ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1983లో వచ్చింది, తెలంగాణ వచ్చాక మనకూ అదే కొనసాగింది. వాళ్ల దగ్గరికి పోయేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు మోరీ కట్టరు. మోరీ ఎక్కడ కట్టాలో ఇంజినీరుకు చెప్పరు కూడా. ఆ ఆఫీసు తన పని తాను సరిగ్గా చేసిందా, అధికారాన్ని తప్పుగా వాడిందా అన్నదే చూస్తారు. అందుకే నా కాగితంలో దోమలు, వాసన, పిల్లలకు జ్వరాలు అన్నీ కలిపి రెండు లైన్లలో ముగించాను. మిగతాదంతా ఫోటో ఎవరిది, ఫిర్యాదు క్లోజ్ చేసింది ఎవరు, ఎం.బుక్‌లో కొలతలు రాసింది ఎవరు అన్నదే. ప్రతి మాటకూ ఒక నకలు జతచేశాను.

లోకాయుక్త వాళ్లు మున్సిపల్ కమిషనర్ నుంచి రిపోర్టు అడిగారు. అందులో మళ్లీ అదే నీలం గేటు ఫోటో! నా జవాబులో బతుకమ్మ ఫోటోలు పెట్టాను. విచారణలో సివిల్ కోర్టులాగా మనుషులను పిలిపించే, రికార్డులు తెప్పించుకునే అధికారం వీళ్లకుంది. ఆ సంగతి మున్సిపాలిటీ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. టేపు పట్టుకుని ఇంజినీరు తనంతట తనే గల్లీకి వచ్చాడు. మోరీ కల్వర్టు దాకా కట్టారు, పైన బండలు కూడా వేశారు. బిల్లు సంగతి ఇంకా విచారణలో ఉంది కాబట్టి దాని గురించి ఏమీ అనను.

తగ్గించిన మార్కు సంగతి చెప్తాను. విచారణ అయ్యాక లోకాయుక్త చేసేది సిఫారసు. చర్య తీసుకోవాల్సింది ప్రభుత్వమే. ఇంగ్లండ్‌లో మా మేనల్లుడికి ఈ మాట చెబితే అక్కడా అంతేనన్నాడు. అక్కడ కౌన్సిళ్ల (మన మున్సిపాలిటీల్లాంటివి) మీద ఫిర్యాదులకు 1974 చట్టంతో పెట్టిన అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ, ఉంది. ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు ఇచ్చి చూడాలి, సంగతి తెలిసిన 12 నెలల్లోపు రావాలి, ఫీజు లేదు. తప్పు జరిగిందా, దానివల్ల నీకు నష్టం జరిగిందా, ఈ రెండే చూస్తారట. తీర్పులు పేర్లు లేకుండా వెబ్‌సైట్‌లో పెడతారు. ఈ చివరిది మనకూ ఉంటే ఎంత బాగుండేది! నీలం గేటు ఎన్ని ఊళ్లు తిరిగిందో అందరం చూసేవాళ్లం. అంత దూరమెందుకు, కేరళలో పంచాయతీలు, మున్సిపాలిటీల కోసమే 2000 నుంచి ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ ఉంది. మన దగ్గర మంత్రుల నుంచి మున్సిపాలిటీ దాకా అన్నిటికీ ఒకటే గుమ్మం.

వీధిలైటు వెలగలేదని, చెత్తబండి రాలేదని ఇంతదూరం పోకండి. వాటికి కౌన్సిలర్, యాప్, ప్రజావాణి చాలు. చేయని పని చేసినట్టు కాగితంలో కనబడితే మాత్రం వదలొద్దు. ఫిర్యాదుతోపాటు నోటరీ చేయించిన అఫిడవిట్ కావాలి, పేరులేని కాగితాలు నడవవు. నకళ్ల అసలు సెట్ ఇంట్లోనే పెట్టుకుని జిరాక్సులు పంపండి. యాప్‌లో క్లోజ్ చేసిన ఫోటోను కనబడిన రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.