షెటికాంప్‌లో అయిదు రోజులు, అత్తయ్య కాళ్ళపీట

మాది ఏలూరు. తివాచీల ఊరు, జూట్ మిల్లు ఉన్న ఊరు. అందుకే కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో క్లాసు మొదలైన రోజు టీచరు నా చేతికి గోనెగుడ్డ ముక్క ఇవ్వగానే ముందు దాన్ని వాసన చూశాను. చిన్నప్పుడు బియ్యం బస్తాల మీద పడుకుని ఆడుకున్న వాసనే.

ఇప్పుడు ఉండేది టొరంటో దగ్గర మిస్సిసాగాలో. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. కూర్చున్నంతసేపూ కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఒక గుండ్రటి చెక్క స్టూలుంది, దాని మీద ఎప్పుడూ పాత దిండు. దానికో మంచి తొడుగు నా చేత్తో చేయాలని చాలా రోజులుగా కోరిక. నోవా స్కోషియాలోని కేప్ బ్రెటన్ దీవిలో హుక్డ్ రగ్గులు (కొక్కెంతో గోనెగుడ్డలోంచి ఉన్ని లూపులు లాగి చేసే చాపలు) నేర్పే అయిదు రోజుల శిబిరం ఉందని తెలిసి, వదినా నేనూ అక్టోబరులో బయల్దేరాం. స్టూలు కాళ్ళు విప్పేసి పై చెక్క మాత్రం సూట్‌కేసులో పెట్టుకున్నాను.

హాలిఫాక్స్ దాకా విమానం. అక్కడి నుంచి శిబిరం ఉన్న షెటికాంప్ ఊరు సుమారు 400 కిలోమీటర్లు, కారులో వెళ్ళాలి. 1955లో సముద్రం మీద వేసిన కట్ట రోడ్డు, కాన్సో కాజ్‌వే, దాటితే దీవి మొదలవుతుంది. రోడ్డు బాగుంది కానీ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దింపుకోండి. అక్టోబరులో ఆకులు ఎర్రబడే అందం ఒకవైపు, కెల్టిక్ కలర్స్ సంగీతోత్సవం ఇంకోవైపు. గదులు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. ఆ రంగులు చూశాక మాత్రం డబ్బు గురించి బాధ పడలేదు.

మొదటి రాత్రి సముద్రం ఒడ్డున మోటెల్‌లో దిగాం. కిటికీ తీస్తే నీళ్ళు, ఫొటోల్లో చూపించినట్టే ఉంది. కానీ హీటరు పనిచేయలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే గంటన్నరకు ఒక దుప్పటి తెచ్చిచ్చారు. పైగా ఆ రాత్రే స్వెట్ గాలి లేచింది. ఆగ్నేయం నుంచి వచ్చి కొండల మీదుగా దూకే గాలికి అక్కడివాళ్ళ పేరది. ఇంటి కప్పులు లేపేసేంత బలం దానికి. తెల్లారేదాకా వదిన టెన్షన్‌తో కూర్చునే ఉంది.

మర్నాడు శిబిరం వాళ్ళ ఇంటికి మారాం. చిన్న గదులు, మంచం పక్కన సూట్‌కేసు పెడితే నడవడానికి చోటుండదు, నలుగురికి ఒకటే బాత్రూం. అయినా బస విషయంలో నా ఓటు ఈ ఇంటికే. పనిగది కిందే ఉంది, తాళం వేయరు. రాత్రి పదకొండింటికి కూడా దీపం వేసుకుని పని చేసుకోవచ్చు. అది లేకపోతే నా తొడుగు పూర్తయ్యేది కాదు.

భోజనం సంగతి శాకాహారులు గట్టిగా మాట్లాడుకోవాలి. అకేడియన్ల (అక్కడి ఫ్రెంచి మూలాలవాళ్ళ) వంటంటే ఫ్రికో అనే కోడి సూపు, చేపలు, బంగాళాదుంపలు. మేము ముందే రాశాం, వాళ్ళు మర్చిపోయారు. రెండు రోజులు బ్రెడ్డు, సలాడ్. మూడో రోజు వంటింట్లో ఒక పొయ్యి అడిగితే సంతోషంగా ఇచ్చారు. పప్పు, అన్నం, తీసుకెళ్ళిన గోంగూర పచ్చడితో గట్టెక్కాం.

క్లాసు మొదలయ్యే ముందు లే త్రువా పిన్యోన్ మ్యూజియం చూసి రండి, తర్వాత కాదు. ఎలిజబెత్ లెఫోర్ట్ అనే ఆ ప్రాంతపు ఆవిడ (1914–2005) ఉన్నితో చేసిన మనుషుల ముఖాలు అక్కడ ఉన్నాయి. రెండడుగుల దూరం నుంచి చూసినా పెయింటింగే అనుకుంటాం. దగ్గరికి వెళితే బుగ్గ మీద నీడంతా ఉన్ని లూపులే. షెటికాంప్ ఆడవాళ్ళు ఒకప్పుడు పాత బట్టలు పీలికలు చేసి, దాణా సంచుల గోనె మీద ఇంట్లోకి చాపలు చేసుకునేవాళ్ళు. 1920లలో లిలియన్ బర్క్ అనే చిత్రకారిణి, టెలిఫోన్ గ్రహాంబెల్ కుటుంబంతో స్నేహం వల్ల ఈ దీవికి వచ్చి, సన్న ఉన్ని దారం, మెత్తటి రంగులు అలవాటు చేసి, రగ్గులు అమెరికాలో అమ్మించింది. ఊళ్ళోకి డబ్బు వచ్చింది. తర్వాత తమకు దక్కే కూలి చాలదని కొందరు ఆడవాళ్ళు విడిపోయి సొంతంగా అమ్ముకున్నారు. ఏలూరు తివాచీల వెనక వేళ్ళు అరిగిన వాళ్ళు గుర్తొచ్చి ఆ గదిలో చాలాసేపు నిలబడిపోయాను. ఆ గోనెకు వాడిన జనపనార కూడా 19వ శతాబ్దంలో బెంగాల్ నుంచి ఓడల మీద వెళ్ళిందే.

ఇక పని. మా తివాచీల్లో ముడి వేస్తారు, ఇక్కడ ముడే ఉండదు. గుడ్డను ఫ్రేము మీద బిగించి, ఎడమచేత్తో కింద ఉన్ని పీలిక పట్టుకుని, కుడిచేతి కొక్కెంతో పైనుంచి లాగితే లూపు లేస్తుంది. పక్కపక్క లూపులు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి, అంతే. ఒక కొస పట్టి లాగితే వరుసంతా ఊడి వచ్చేస్తుంది. నాకు అదే ధైర్యమిచ్చింది, తప్పు చేస్తే పోయేదేమీ లేదు. పీలికల వెడల్పుకు నంబర్లుంటాయి. 8 అంటే అంగుళంలో 32వ వంతులు ఎనిమిది, అంటే పావు అంగుళం. కాళ్ళు పెట్టే వస్తువు కనుక నేను 8 తీసుకున్నాను. ఆకుల ఈనెలకు మాత్రం షెటికాంప్ పద్ధతిలో ఉన్ని దారం వాడాను. ప్రతి కన్నంలోనూ లూపు లాగకూడదు, మధ్యమధ్య వదలాలి. ఆత్రంగా కుక్కితే గుడ్డ గిన్నెలా వంగిపోతుంది. మొదటి రోజు నాది అలాగే వంగింది, సగం విప్పాను.

డిజైన్ ముందు ముగ్గు అనుకున్నాను. పద్మం గీశాక, దాని మీద అత్తయ్య కాళ్ళు పెడతారా అని వదిన అడిగింది. పెట్టరు. చెరిపేసి దారిలో ఏరిన మేపుల్ ఆకులు గీశాను.

అసలు దెబ్బ మూడో రోజు తగిలింది. చెక్క కొలత 14 అంగుళాలు, నేను 14 అంగుళాల వృత్తమే గీసుకున్నాను. చెక్క మీద ఫోము పెట్టి, ఆ ఉబ్బు మీదుగా టేపు వేస్తే 18 వచ్చింది. కొలత ఫోముతో సహా తీసుకోవాలని శిబిరం వాళ్ళు పంపిన కాగితంలో లేదు. అది వాళ్ళ లోపమే, చెప్పాను, ఒప్పుకున్నారు. చుట్టూ నాలుగంగుళాలకు పైగా ఖాళీ గుడ్డ వదలమని టీచరు మొదటి రోజే పట్టుబట్టింది కాబట్టి బతికాను. నల్లటి నీలంలో ఆరేడు వరుసల అంచు కలిపాను. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు చూసినవాళ్ళు ముందు ఆ అంచునే మెచ్చుకుంటారు.

బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: తొడుగు స్టూలుకు బిగించడం కూడా నేర్పుతారా, లేక లూపుల దాకానేనా? అదే వారం ఇంకో చోట సగంపూట క్లాసుకు వెళ్ళి వచ్చిన అమ్మాయి సగం అయిన కిట్టుతో కూర్చుని ఉంది, మిగతాది వీడియో చూసి చేసుకోమన్నారట. మాకు చివరి రోజంతా దానికే ఇచ్చారు. వెనకవైపు నుంచి తడి తువ్వాలు వేసి ఇస్త్రీ చేసి, ముందు ఎదురెదురుగా నాలుగు చోట్ల, తర్వాత వాటి మధ్య పిన్నులు కొట్టాం. మడతలు లూపులున్న చోట పడకూడదు, కింద ఖాళీ గుడ్డలోనే పడాలి. నేను పంటి బిగువున గుడ్డ లాగి పట్టుకుంటే టీచరు పిన్నులు కొట్టింది. కొక్కెం మనం కొనుక్కోవాలి, ఫ్రేము ఉన్నన్నాళ్ళూ అరువిచ్చారు.

ఇంటికొచ్చి కాళ్ళు బిగించి అత్తయ్య ముందు పెట్టాను. రెండు రోజులు దాని మీద కాళ్ళు పెట్టలేదు, పక్కన పెట్టుకుని చేత్తో నిమురుతూ కూర్చున్నారు. మూడో రోజు ఉతికిన సాక్సులు వేసుకుని పెట్టారు.